ఆడపిల్ల మోకాలు అంతేనా?

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఓ చిన్న పట్నం నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. పెద్దమ్మాయికి 19 ఏళ్లు, డిగ్రీ చదువుతూ యూనివర్సిటీ కబడ్డీ జట్టులో రైడర్‌గా ఆడుతోంది. ఒక మ్యాచ్‌లో బోనస్ గీత దాటి వెనక్కి తిరగబోతుంటే, ఎవరూ తాకకుండానే, కుడి మోకాలు లోపలికి ఒరిగి కూలబడిపోయింది. ‘టప్’మన్న చప్పుడు తనకే వినిపించిందట. సాయంత్రానికి మోకాలు కొబ్బరి బోండాంలా వాచింది. ముందు ఊళ్లోనే కట్టు కట్టించారు. మూడు వారాల తర్వాత ఎమ్మారై తీయిస్తే ఏసీఎల్ అనే లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే తాడు) పూర్తిగా తెగిందని, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) కొంచెం చిరిగిందని తేలింది. అదే కాలి తొడ వెనక కండ నుంచి టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) తీసి కొత్త లిగమెంట్ వేశారు. ఆపరేషన్ అయి ఆరు నెలలు దాటింది. ఊరి నుంచి తిరగలేక పది వారాలకే ఫిజియోథెరపీ మానేశారు. ఇప్పుడు నొప్పి లేదు, జాగింగ్ చేస్తోంది. ఆరు వారాల్లో సెలక్షన్లు ఉన్నాయి, రమ్మని కోచ్ అంటున్నారు. ‘ఆరు నెలల తర్వాత మెల్లగా ఆడుకోవచ్చు’ అని డాక్టరు గారు అన్న మాటనే అమ్మాయి పట్టుకు కూర్చుంది.

చిన్నమ్మాయికి 14 ఏళ్లు. స్కూల్లో వాలీబాల్ ఆడుతుంది. ఏడాదిన్నరలో నాలుగు అంగుళాలు పెరిగింది. ఎగిరి దిగినప్పుడు రెండు మోకాళ్లూ ఒకదానికొకటి తగులుతున్నట్టు ఉంటుందని తల్లి ఫోన్ వీడియోలో గమనించారు. ‘ఆడపిల్లలకు తుంటి వెడల్పు కదండీ, అది సహజమే’ అన్నారట పీఈటీ సారు. ఇంట్లో అత్తగారిది ఒకటే మాట: ఆడపిల్ల మోకాలు అంతే, ఈ ఆటలు వాళ్లకు కావు. భర్త ఇద్దరినీ మాన్పించేద్దామంటున్నారు. మధ్యవాడైన అబ్బాయి నాలుగేళ్లుగా కబడ్డీ ఆడుతున్నాడు, వాణ్ని ఎవరూ ఏమీ అనరు. ‘అత్తగారి మాట నిజమేనా? ఇద్దరినీ ఆపేయాలా? నెలసరి రోజుల్లో ప్రాక్టీసు మాన్పించాలా? మోకాలికి క్యాప్ కొంటే సరిపోతుందా?’ అని అడిగారు.

అమ్మా,

మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉంది. ఆవిడ దాన్నుంచి తేల్చిన తీర్పు మాత్రం తప్పు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో ఆడా మగా ఒకే ఆట, అన్నే గంటలు ఆడినప్పుడు, అమ్మాయిలకు ఏసీఎల్ తెగడం రెండు మూడు రెట్లు ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. అందులోనూ ఎక్కువ భాగం ఎవరూ గుద్దకుండా జరిగేవే. ఎగిరి దిగేటప్పుడు, పరుగులో ఉన్నట్టుండి ఆగేటప్పుడు, ఒంటికాలు నాటి దిశ మార్చేటప్పుడు తెగుతుంది. మీ పెద్దమ్మాయికి జరిగింది సరిగ్గా ఇదే.

ఏసీఎల్ అంటే మోకాలి నడిమధ్యలో చిటికెన వేలంత మందాన ఉండే తాడు. మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా పట్టి ఉంచేది అదే. మోకాలు దాదాపు నిటారుగా ఉన్నప్పుడు తొడ ముందు కండ బిగిస్తే అది కింది ఎముకను ముందుకు లాగుతుంది. తొడ వెనక కండ వెనక్కి లాగి ఏసీఎల్‌కు సాయం చేస్తుంది. మోకాలు వంగి దిగితే ఈ వెనక కండకు పట్టు దొరుకుతుంది. నిటారుగా దిగితే దొరకదు. దానికి తోడు తుంటి పక్క కండలు బలహీనంగా ఉంటే తొడ ఎముక లోపలికి తిరిగి, మోకాలు బొటనవేలిని దాటి లోపలికి ఒరుగుతుంది. నిటారు మోకాలు, లోపలికి ఒరగడం, ఒంటికాలి మీద బరువు, పక్కకి వాలిన నడుం. ఈ నాలుగూ ఒకేసారి కలిస్తే తాడు తెగే ముప్పు బాగా పెరుగుతుంది.

ఇది అమ్మాయిల్లో ఎందుకు ఎక్కువ అన్నదానికి కారణాలు రెండు రకాలు. మార్చలేనివి కొన్ని: ఏసీఎల్ సగటున సన్నగా ఉంటుంది, అది ఉండే ఎముక సందు ఇరుగ్గా ఉంటుంది. మార్చగలిగినవి అంతకంటే ముఖ్యం. యుక్తవయసు రాకముందు ఆడా మగా పిల్లల దిగే తీరులో పెద్ద తేడా ఉండదు. ఆ తర్వాత అబ్బాయిలకు ఎత్తుతో పాటు కండబలం దానంతటదే పెరుగుతుంది. అమ్మాయిలకు ఎత్తు, బరువు పెరుగుతాయి గానీ వాటిని మోసే తుంటి, తొడ వెనక కండల బలం అదే జోరుతో పెరగదు. పొడుగు కాలు, పైకి జరిగిన బరువు, పాత బలం. ఏడాదిన్నరలో నాలుగు అంగుళాలు పెరిగిన మీ చిన్నమ్మాయి ఇప్పుడు ఉన్నది సరిగ్గా ఈ మలుపులోనే. ఇంకో కారణాన్ని పరిశోధకులు ఈ మధ్యే గట్టిగా ఎత్తి చూపుతున్నారు. అబ్బాయికి పదిహేనేళ్లకే జిమ్ చూపిస్తారు. అమ్మాయికి ‘బరువులెత్తితే మగరాయుడిలా అవుతావ్’ అంటారు. ఆ తేడా కూడా మోకాలి దాకా వస్తుంది.

దిగేటప్పుడు పాదం నేలను తాకాక సుమారు సెకనులో ఇరవై అయిదో వంతులోనే ఏసీఎల్ తెగుతుందని ప్రమాదాల వీడియోలను విడదీసి చూసినవారు అంచనా వేశారు. అంత తక్కువ వ్యవధిలో బుర్ర ఆలోచించి కాలు సర్దుకోవడం మనిషికి చేతకాదు. అందుకే ‘జాగ్రత్తగా ఆడమ్మా’ అని వెయ్యిసార్లు చెప్పినా లాభం లేదు. సరిగ్గా దిగడం, కాలు నాటడం ముందే వేల సార్లు చేసి ఒంటికి అలవాటైపోవాలి. ఆ అలవాటు నేర్పితే వస్తుంది. ఇలాంటి శిక్షణ క్రమం తప్పకుండా చేసిన అమ్మాయిల్లో, ఎవరూ తాకకుండా తెగే ఏసీఎల్ గాయాలు దాదాపు మూడింట రెండొంతులు తగ్గాయని పలు అధ్యయనాలను కలిపి చూసిన లెక్క. ‘తుంటి వెడల్పు, సహజం’ అని పీఈటీ సారు వదిలేయకూడదనేది ఇందుకే.

ముందు పెద్దమ్మాయి సంగతి. తొందర ఉన్నది అక్కడే.

‘ఆరు నెలలు’ అన్న మాట దగ్గరే పొరపాటు జరుగుతోంది. కొత్తగా వేసిన టెండన్ వేసిన రోజు గట్టిగానే ఉంటుంది. తర్వాత రక్తప్రసరణ అందక కొంత చచ్చి, మెత్తబడి, మళ్లీ కొత్త రక్తనాళాలు పట్టి నెమ్మదిగా లిగమెంట్‌గా మారుతుంది. ఈ మార్పు ఏడాది దాటి కూడా సాగుతుంది. ఇందులో ఏ దశలోనూ నొప్పి ఉండదు. కాబట్టి నొప్పి లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. నార్వేలో ఆపరేషన్ అయిన క్రీడాకారులను రెండేళ్లు గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటకు తిరిగి రావడాన్ని తొమ్మిది నెలల దాకా వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలు మళ్లీ దెబ్బతినే ప్రమాదం సగానికి సగం తగ్గింది. 25 ఏళ్లలోపు వాళ్లు మళ్లీ ఆటలో దిగితే, నలుగురిలో దాదాపు ఒకరికి ఏదో ఒక మోకాలి ఏసీఎల్ మళ్లీ తెగుతోంది. ‘ఏదో ఒక మోకాలు’ అన్నది గమనించండి. అమ్మాయిల్లో బాగున్న రెండో కాలికీ ఈ ముప్పు తక్కువేం కాదు.

మీ అమ్మాయి విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది పది వారాలకే ఆగిపోయిన ఫిజియోథెరపీ. పది వారాలకు సాధారణంగా మోకాలు పూర్తిగా చాచడం, వంచడం, కుంటకుండా నడవడం వస్తాయి. బలం తిరిగి తెచ్చుకునే అసలు పని మొదలయ్యేదే అప్పుడు. పైగా టెండన్ తీసింది తొడ వెనక కండ నుంచి. ఏసీఎల్‌కు అండగా ఉండాల్సిన కండే బలహీనపడింది.

ఈ పరిస్థితిలో మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఆరు వారాల్లో సెలక్షన్లకు పంపడం. జట్టులో చోటు దక్కవచ్చు, ఒక సీజన్ సర్టిఫికెట్ మిగలవచ్చు. మళ్లీ తెగితే రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం, ఫలితం కూడా అంత బాగుండదు. చిరిగిన మెనిస్కస్ ఇంకా చిరిగితే నలభై ఏళ్లకే మోకాలి అరుగుదల రావచ్చు. ఈ దారి నేను సిఫార్సు చేయను.

రెండోది, ఈ సీజన్ వదిలేసి, కనీసం తొమ్మిది నెలలు దాటాక, కాలు పరీక్షలు నెగ్గాకే ఆడించడం. ఫిజియో ఆగిన లెక్క చూస్తే ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. దీనికి ప్రతి రోజూ పట్నం వెళ్లనక్కర్లేదు. క్రీడాగాయాలు చూసే ఫిజియోథెరపిస్టును రెండు మూడు వారాలకొకసారి కలిసి, రాసిచ్చిన వ్యాయామాలు ఇంట్లోనో దగ్గర్లోని జిమ్‌లోనో వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేస్తే చాలు. ఒంటికాలితో కుర్చీలో కూర్చుని లేవడం, మెట్టు మీది నుంచి ఒక మడమ నేలకు తాకించి మళ్లీ పైకి లేవడం, ఒంటికాలి మీద నిలబడి నడుం వంచి లేవడం, వెల్లకిలా పడుకుని ఒంటికాలితో నడుం ఎత్తడం, మునివేళ్ల మీద లేవడం. ఇక్కడ ఎక్కువ మంది చేసే పొరపాటు ఒకటుంది. మొదటి నెలలో ఇచ్చిన రబ్బరు బ్యాండు వ్యాయామాలే ఆరో నెల దాకా చేస్తుంటారు. ఒకే బరువు మీద పదీ పన్నెండు సార్లు సునాయాసంగా వస్తోందంటే కండ పెరగడం ఆగిందని అర్థం. బరువు పెంచాలి. జిమ్ లేకపోతే భుజాన బ్యాగులో పుస్తకాలు పెట్టుకుని, వారం వారం ఒక్కో పుస్తకం పెంచండి.

పరీక్షల సంగతి. టేపు తీసుకుని మోకాటి చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్లు పైకి కొలిచి, అక్కడ రెండు తొడల చుట్టుకొలతా చూడండి. ఇది ఇవాళే చేయొచ్చు. కుడి తొడ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు సన్నగా ఉంటే మీ ఇంట్లో వాళ్లకు వేరే వాదన అక్కర్లేదు. తర్వాతి పరీక్షలు ఫిజియో దగ్గరే జరగాలి, ఇంట్లో ప్రయత్నించకండి. ఒంటికాలితో ముందుకు దూకి అదే కాలిపై నిలదొక్కుకోవడం అందులో ఒకటి. ఎడమ కాలితో 120 సెంటీమీటర్లు, కుడి కాలితో 96 దూకితే కుడిది 80 శాతం. కనీసం 90 రావాలి. దూరం ఒక్కటే చూసి సంతోషపడకూడదు. మోకాలు బలహీనంగా ఉన్నా తుంటి, చీలమండ సాయంతో దూరం దూకేయవచ్చు. అందుకే తొడ ముందు కండ బలాన్ని యంత్రంతో విడిగా కొలిపించండి. ఇన్ని నెలలు విశ్రాంతిగా ఉండి మంచి కాలు కూడా నీరసపడి ఉంటుందని, దానితో పోలిక మోసం చేయవచ్చని ఫిజియోకు గుర్తుచేయండి.

పరీక్షలు నెగ్గాక కూడా నేరుగా మ్యాచ్ వద్దు. ముందు ఒంటరిగా రైడ్ నడక, బోనస్ గీత దగ్గర కాలు నాటి తిరగడం, ముందే చెప్పిన దిశలో. తర్వాత ఎదుట ఒక్క డిఫెండరు, చెప్పకుండా దిశ మార్పు. ఆ తర్వాత కార్నర్ పట్టు, చైన్ (డిఫెండర్లు చేతులు కలిపి పట్టడం) ఎదుర్కోవడం. చివర్న పూర్తి ఆట, అది కూడా మొదట్లో కొద్ది నిమిషాలే. ఒక్కో మెట్టుకు రెండు మూడు వారాలు. మర్నాడు పొద్దున మోకాలు వాచి ఉంటే కింది మెట్టుకు దిగాలి.

మూడో దారి కబడ్డీ మానేయడం. ఇదీ గౌరవమైన నిర్ణయమే, అమ్మాయి తీసుకుంటే. కానీ ఆట మానేస్తే వ్యాయామాలు కూడా అక్కర్లేదనుకోవద్దు. ఏసీఎల్ తెగిన మోకాళ్లలో దాదాపు సగానికి పది ఇరవై ఏళ్లలో అరుగుదల గుర్తులు కనిపిస్తాయి. ఆడినా ఆడకపోయినా కండ బలం ఆమెకు జీవితాంతం కావాలి.

రియో ఒలింపిక్స్‌లో 2016లో మోకాలి లిగమెంట్ తెగి స్ట్రెచర్ మీద బయటికి వెళ్లిన రెజ్లర్ వినేశ్ ఫోగట్ 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. మీ అమ్మాయి ఈ ఉదాహరణ చెప్పే ఉంటుంది. మధ్యలో గడిచిన రెండేళ్లు కూడా లెక్కపెట్టమనండి. 2023లో ఆమెకు రెండో మోకాలికి ఆపరేషన్ అవసరమైంది, ఆ ఏడాది ఆసియా క్రీడలకు వెళ్లలేకపోయింది. ఇది కూడా ఆ కథలో భాగమే.

డాక్టరు గారిని మళ్లీ కలిసినప్పుడు అడగాల్సినవి: మెనిస్కస్‌కు కుట్లు వేశారా, కత్తిరించారా? ‘మెల్లగా ఆడుకోవచ్చు’ అంటే జాగింగా, కబడ్డీ మ్యాచా? ఈ ప్రశ్న నేరుగా వేస్తే జవాబు మారవచ్చు.

ఇక చిన్నమ్మాయి. ఆదివారం పొద్దున ఒక చిన్న పని చేయండి. అడుగెత్తు గట్టి పీట ఒకటి నేల మీద పెట్టండి, కదలకుండా ఉండాలి. అమ్మాయి షార్ట్స్ వేసుకుని, ఆడే బూట్లు తొడుక్కోవాలి. ఫోన్‌ని మూడు మీటర్ల దూరంలో, మోకాలి ఎత్తులో, ఎదురుగా నిలబెట్టి స్లో మోషన్ పెట్టండి. పీట మీది నుంచి రెండు కాళ్లతో దిగి, వెంటనే పైకి అందినంత ఎత్తు ఎగరమనండి. మూడు నాలుగు సార్లు తీయండి. పాదం నేలకు తగిలి మోకాళ్లు బాగా వంగిన క్షణంలో వీడియో ఆపి చూడండి. మోకాటి చిప్ప నుంచి గీత గీస్తే రెండో వేలి మీదికి వస్తోందా, బొటనవేలు దాటి లోపలికి పోతోందా? మోకాళ్ల మధ్య దూరం చీలమండల మధ్య దూరం కంటే బాగా తగ్గిందా? కళ్లు మూసుకుని ఇంకోసారి వినండి. ‘ధబ్’మని పడుతోందా, మెత్తగా దిగుతోందా?

ఈ వీడియో చూసి ‘దీని ఏసీఎల్ తెగుతుంది’ అని జోస్యం చెప్పలేం. మోకాళ్లు ఒరిగే పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు, మోకాళ్లు ఒరగకుండా దిగే వాళ్లలో కొందరికి తెగుతుంది. ఏం నేర్పాలో మాత్రం వీడియో చూపిస్తుంది. అందుకే శిక్షణ ఒక్క అమ్మాయికి కాదు, జట్టు మొత్తానికి ఇవ్వాలి.

శిక్షణకు మంచి నమూనా సిద్ధంగా ఉంది. ఫుట్‌బాల్ కోసం ఫిఫా తయారు చేయించిన ‘ఎలెవెన్ ప్లస్’ అనే ఇరవై నిమిషాల వార్మప్. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లలో దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం గాయాలు సుమారు మూడోవంతు తగ్గాయి. వాలీబాల్‌కి కూడా వాడుకోవచ్చు. మొదటి ఎనిమిది నిమిషాలు నెమ్మది పరుగు, పక్క అడుగులు. తర్వాతి పది నిమిషాలు అసలు భాగం. మోచేతుల మీద ప్లాంక్ (బోర్లా ఉండి ఒళ్లు బల్లలా బిగించి నిలపడం) 20 నుంచి 30 సెకన్లు మూడు సార్లు. పక్క ప్లాంక్ కూడా అలాగే. మోకాళ్ల మీద నిలబడి, జతగాడు మడమలు నొక్కి పట్టుకుంటే, ఒళ్లు నిటారుగా ఉంచి ముందుకు వీలైనంత నెమ్మదిగా వాలడం, మొదట్లో మూడు నుంచి ఐదు సార్లే. దీని పేరు నార్డిక్. మర్నాడు తొడ వెనక బాగా నొప్పి చేస్తుంది, భయపడి మానకండి. ఒంటికాలి మీద 30 సెకన్లు, కాలికి రెండేసి సార్లు. గుంజీలు 30 సెకన్లు రెండు సార్లు. నిలువు జంప్‌లు 30 సెకన్లు రెండు సార్లు. చివరి రెండు నిమిషాలు వేగపు పరుగు, కాలు నాటి దిశ మార్చడం.

చెప్పే మాట కూడా ముఖ్యం. ‘మోకాలు ఇంత వంచు, తుంటి వెనక్కి పెట్టు’ అంటే పిల్ల తన ఒంటి గురించి ఆలోచిస్తూ బిగుసుకుపోతుంది. ‘చప్పుడు రాకుండా దిగు, పిల్లిలా’ అనండి. మోకాలు దానంతటదే వంగుతుంది. వాలీబాల్‌లో ఇంకో సంగతి: కుడి చేత్తో స్మాష్ కొట్టేవాళ్లు చాలాసార్లు ఎడమ కాలొక్కదానిపైనే దిగుతారు. రెండు కాళ్ల మీద దిగడం అలవాటు చేయమని సారుతో చెప్పండి.

వారానికి రెండు మూడు సార్లు, ప్రాక్టీసుకు ముందే, అలిసిపోకముందే చేయాలి. ఎనిమిది పది వారాలకు అదే పీటతో మళ్లీ వీడియో తీయండి. తేడా కనబడాలి. కనబడకపోతే చేయడంలో లోపం ఉందని అర్థం. చాలా చోట్ల జరిగేది ఏంటంటే పదిహేను రోజులు శ్రద్ధగా చేస్తారు, తర్వాత పీఈటీ సారు విజిల్ ఊది ఫోన్ చూసుకుంటారు, పిల్లలు మోకాళ్లు తగిలించుకుంటూ జంప్‌ల లెక్క పూర్తి చేస్తారు. తప్పుగా దిగడాన్నే వందసార్లు సాధన చేసినట్టు అవుతుంది. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి మోకాళ్లు చూడాలి. జట్టులో పెద్ద పిల్లే ఆ పని చేయొచ్చు. మీ పెద్దమ్మాయికి ఈ సీజన్‌లో ఆ పని అప్పగించండి. తను చూడటం నేర్చుకుంటే తన మోకాలూ చూసుకుంటుంది.

మోకాలి క్యాప్ వెచ్చగా ఉంటుంది, ధైర్యంగా అనిపిస్తుంది. ఏసీఎల్‌ను మాత్రం కాపాడదు. ఆ డబ్బుతో అడుగు అరిగిన బూట్లు మార్చండి.

నెలసరి సంగతి సూటిగా చెప్తాను. హార్మోన్ల హెచ్చుతగ్గులతో లిగమెంట్ బిగువు కొంచెం మారుతుందన్న ఆధారాలున్నాయి, ఫలానా రోజుల్లో ఆడితే తెగుతుందని మాత్రం తేలలేదు. నొప్పి లేకపోతే ప్రాక్టీసు మాన్పించనక్కర్లేదు. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. తినేదానికి మించి శ్రమ పడుతోందని, ఎముకలకు ముప్పని అది సూచన. ఇద్దరికీ కండ కట్టాలంటే తిండి కావాలి. 50 కిలోల అమ్మాయికి రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకోండి. రెండు గుడ్లలో సుమారు 12 గ్రాములు, గ్లాసు పాలలో 7 లేదా 8. ఒక్క అన్నం, చారుతో ఆ లెక్క నిండదు.

మీ వారి గురించి. ఆయన మాటను కోపంగా కాక భయంగా చూడండి. ఆపరేషన్ గది బయట కూర్చున్న తండ్రి భయం అది. ఆయనతో వాదించకుండా, ఫిజియో దగ్గర పెద్దమ్మాయి కాలు కొలిచే రోజు వెంట తీసుకెళ్లండి. 80 శాతం, 90 శాతం అన్న అంకెలు ఆయన కళ్లతో చూస్తే ‘ఆడపిల్ల కాబట్టి’ అన్న మాట పోయి ‘ఈ కండ ఇంకా రాలేదు కాబట్టి’ అన్న మాట వస్తుంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి. కబడ్డీలో మోకాలు తెగేది అమ్మాయిలకే కాదు. పీట మీది నుంచి మీ అబ్బాయిని కూడా దూకించి వీడియో తీయండి, ఇరవై నిమిషాల వార్మప్ వాడికీ పెట్టండి. ముప్పు ఉందని ఆపేయాలనుకుంటే ముగ్గురినీ ఆపాలి. నేర్పించాలనుకుంటే ముగ్గురికీ నేర్పాలి.

ఈలోగా పెద్దమ్మాయి మోకాలు నడకలో ఒక్కసారిగా జారినట్టయినా, వంచి చాచేటప్పుడు మధ్యలో ఇరుక్కున్నా, జాగింగ్ చేసిన మర్నాడు వాపు కనిపించినా పరుగు ఆ రోజే ఆపించి, తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.